పద్నాలుగో దీవి

లింగిచెట్టి వీధిలో మా అచ్చాఫీసుకి
ఒక దేశం వచ్చింది, సూట్‌కేసులో.
నూట ఎనభై టైపు కాగితాలు, చుట్టూ ఎర్రదారం.
మోసుకొచ్చినాయన పేరు లెకోత్, న్యాయశాఖ కార్యదర్శి.
బూట్లలోంచి వాననీళ్ళు ఒంపుకుంటూ చెప్పాడు:
మా దీవుల్లో ఉన్న అచ్చుయంత్రం ఒక్కటే,
అది బస్సు టికెట్లు తప్ప వెయ్యదు.
వచ్చే నెల పన్నెండున, అర్ధరాత్రి, స్వాతంత్ర్యం.
ఆలోపు రాజ్యాంగం చేతికి రావాలి.

నేను కాపీ హోల్డర్‌ని.
అంటే, మూలప్రతి పట్టుకుని పైకి చదివేదాన్ని.
ఎదురుగా రాఘవాచారి గారు ప్రూఫు మీద పెన్సిలు నడుపుతారు.
గొంతు పెట్టాలమ్మా, మనసు పెట్టకూడదు,
అది ఆయన నేర్పిన మొదటి పాఠం.
ఉన్నది ఇంగ్లీషు. మన మాటల్లో చెప్పాలంటే ఇలా చదివాను:
ప్రజలమైన మేము కామా
ఈ దీవుల్లో పుట్టినవారమూ కామా
ఓడల్లో తేబడినవారమూ

అక్కడ ఆగాను.
మా తాతకి అక్క ఒకావిడ, సింహాచలం,
భీమిలిలో ఓడెక్కిందట.
ఏ దీవికో ఇంట్లో ఎవరూ అడిగి పెట్టుకోలేదు.
"ఫుల్‌స్టాపా అక్కడ?" అన్నారు ఆచారి గారు.
"కాదండీ, కామానే."

రెండోరోజు మధ్యాహ్నానికి పెద్ద ఆర్ నిండుకుంది.
రిపబ్లిక్‌కి అదే, రైట్స్‌కి అదే.
ఏకాంబరం నాయుడు కేసులన్నీ తిరగేసి
పక్కసందులో సినిమా నోటీసులేసే ప్రెస్సుకెళ్ళి
గుప్పెడు సీసపు ఆర్‌లు పట్టుకొచ్చాడు.
శుక్రవారం తిరిగిచ్చెయ్యాలి, కొత్త బొమ్మ రిలీజు.
ఒక గణతంత్రానికి మొదటి అక్షరం
మూడురోజుల చేబదులు.

సభలో ఇరవై ముగ్గురు.
ఓట్లు సమమైతే సభాపతి మాట.
నమ్మకం పోయిన ప్రధాని ఏడురోజుల్లో దిగిపోవాలి.
"మా కల్యాణమండపం కమిటీలోనే ముప్పై ఒక్కమందిమి,
ఏడేళ్ళయినా ఒక్కడూ దిగడు" అన్నాడు ఏకాంబరం,
స్టిక్కులో అక్షరాలు పేరుస్తూ, తలెత్తకుండా.

తొమ్మిదో భాగం, అత్యవసర పరిస్థితి.
ఆ ఏడు మన పేపర్లలోనే అక్కడక్కడా తెల్లగా వదిలేసేవారు.
అధ్యక్షుడు ప్రకటించవచ్చును కామా
పై హక్కులను నిలిపివేయవచ్చును కామా
ముదలియార్ గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి
వీధితలుపు దగ్గరగా వేసి
మళ్ళీ వచ్చి కూర్చున్నారు.
"తొంభై రోజులే" అన్నాడు లెకోత్,
నాతో కాదు, తన బూట్లతో.
ఆచారి గారు పెన్సిలు చెక్కారు,
అది అప్పటికే సూదిలా ఉంది.

ఆఖరున షెడ్యూలు. దేశమంటే ఏవేవో ఆ జాబితా.
పదమూడు దీవులకి పదమూడు పేర్లు.
పద్నాలుగు: పేరులేని రాయి, ఆటువేళ కనిపించునది.
"పోటులో మునిగాక కూడా అది మీ దేశమేనా?"
కాపీ హోల్డర్ అడగకూడని ప్రశ్న.
ఆ నాలుగురోజుల్లో ఆయన నవ్వింది అప్పుడే.
"దానికోసం రెండు వారాలు కొట్టుకున్నాం.
ఆ రాతి మీద పక్షిగుడ్లేరుకునే ముసలావిడ ఒకతి ఉంది.
అది తీసేస్తే మీకు నా ఓటు లేదంది."
ఆవిడ పేరు అడగాలనుకున్నాను.
పేజీ తిప్పమన్నారు ఆచారి గారు.

నాలుగువందల ప్రతులు మీనంబాకంలో విమానమెక్కాయి.
పన్నెండో తేదీ రాత్రికి నాకు గొంతు లేదు,
మిరియాలపాలు తాగి గోడకి తిరిగి పడుకున్నాను.
తర్వాత ఆ దేశం ఊసు ఏ పేపర్లోనూ కనపడలేదు.
తొంభై రోజులు ఎన్నిసార్లు మొదలయ్యాయో,
ఎన్నిసార్లు ముగిశాయో.

మా మెరీనాలో ఆటుకీ పోటుకీ తేడా పెద్దగా తెలీదు.
అయినా కొన్ని సాయంత్రాలు నీళ్ళు ఓ బారెడు వెనక్కి పోతే
తడి ఇసక చూస్తూ నా గొంతు దానంతటదే చదువుతుంది,
మనసు పెట్టకుండా:
పద్నాలుగు చుక్క
పేరులేని రాయి కామా
ఆటువేళ కనిపించునది సెమికోలన్